ఓడలకు ఎల్‌ఎన్‌జీ: గ్యాస్ గోదావరి తీరానిది.. లాభం ఎవరిది?

సముద్రంలో తిరిగే పెద్ద ఓడలు ఇకపై ఏ ఇంధనంతో నడవాలన్న పంచాయితీ లండన్‌లో తెగలేదు. ఓడలు వదిలే కాలుష్యానికి రుసుము వేసే ‘నెట్ జీరో’ నిబంధనలపై 2025 అక్టోబర్ 17న అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) తుది నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. ఏడాది వాయిదా వేద్దామని 57 దేశాలు, వద్దని 49 దేశాలు ఓటేశాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇవే నిబంధనలకు 63 దేశాలు సరేనన్నాయి. వాటిలో భారత్ కూడా ఉంది. ఆరు నెలల్లో గాలి మారిపోయింది. రూలు ఏదో తేలేదాకా ఓడల కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చోవు కదా. వాటిలో చాలా వరకు ఇప్పుడు ద్రవీకృత సహజవాయువు, అంటే ఎల్‌ఎన్‌జీ మీదే ఆశ పెట్టుకుని కొత్త ఓడలకు ఆర్డర్లు ఇస్తున్నాయి.

లండన్ ఓటింగ్‌కూ గోదావరి డెల్టాకూ ఏం సంబంధం అనిపించొచ్చు. సంబంధం చాలానే ఉంది. దేశంలో దొరికే సహజవాయువులో పెద్ద వాటా కృష్ణా-గోదావరి బేసిన్‌దే. ఆ గ్యాస్ ఒడ్డుకు చేరేది తాళ్లరేవు మండలం గాడిమొగలో, అల్లవరం మండలం ఓడలరేవులో. కాకినాడలో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ కడతామన్న మాట పదేళ్లకు పైగా వినిపిస్తూనే ఉంది. ‘ఓడలకు స్వచ్ఛ ఇంధనం’ అన్న పేరు దానికి ఇప్పుడు కొత్త బలం ఇస్తోంది. అందుకే అసలు ఇందులో డెల్టాకు దక్కేది ఎంత, పోయేది ఎంత అన్న లెక్క ముందే చూసుకోవాలి.

ఓడలకు ఎల్‌ఎన్‌జీ ఎందుకు?

పెద్ద ఓడలు దశాబ్దాలుగా కాల్చింది ఫర్నేస్ ఆయిల్. ముడి చమురు శుద్ధి చేశాక అడుగున మిగిలే చిక్కటి నూనె. చౌక, కానీ గంధకం, మసి విపరీతం. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాలని ఐఎంఓ కచ్చితం చేసింది. దాంతో కంపెనీల ముందు మూడు దారులు మిగిలాయి. ఖరీదైన తక్కువ గంధకం నూనె కొనడం, పొగగొట్టంలో శుద్ధి యంత్రం పెట్టడం, లేదంటే గ్యాస్‌కు మారడం.

సహజవాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది. ఘనపరిమాణం దాదాపు 600 రెట్లు తగ్గిపోతుంది. అందుకే ఓడలో మోయడానికి వీలవుతుంది. గంధకం దాదాపు ఉండదు. మసి బాగా తక్కువ. ఇంజన్‌లో మండినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా నూనెతో పోలిస్తే 20 నుంచి 25 శాతం తగ్గుతుంది.

నార్వేలో 2000లో ‘గ్లుట్రా’ అనే ఫెర్రీతో ఈ ప్రయాణం మొదలైంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2020లో ఫ్రాన్స్ కంపెనీ సీఎంఏ సీజీఎం 23 వేల కంటైనర్లు పట్టే ‘జాక్ సాడే’ ఓడను ఎల్‌ఎన్‌జీతో నీళ్లలోకి దించింది. నార్వేకు చెందిన డీఎన్‌వీ సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో 641 ఓడలు ఎల్‌ఎన్‌జీతో నడుస్తున్నాయి. ఆ ఒక్క ఏడాదే 169 కొత్తగా చేరాయి. ఎల్‌ఎన్‌జీని సరుకుగా మోసే ఓడలు ఈ లెక్కలో లేవు. భారత్ కూడా ఈ వరుసలోకి వస్తోంది. 1,700 కంటైనర్లు పట్టే ఆరు ఎల్‌ఎన్‌జీ ఓడలు కట్టే పనిని అదే సీఎంఏ సీజీఎం 2025లో కొచ్చిన్ షిప్‌యార్డుకు అప్పగించేందుకు ఒప్పుకుంది.

పొగ తగ్గింది.. మరి మీథేన్?

ఇక్కడే మెలిక ఉంది. ఎల్‌ఎన్‌జీలో ఉండేది ప్రధానంగా మీథేన్. ఇంజన్‌లో మండకుండా కొంత మీథేన్ అలాగే పొగగొట్టం నుంచి బయటికి జారుకుంటుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువ. అంటే కొంచెం జారినా తగ్గించిన కార్బన్ లాభం అంతా గాలికి పోయినట్టే.

ఎంత జారుతోంది? యూరప్ రూళ్లలో ఒక రకం ఇంజన్లకు 3.1 శాతం అని పెట్టుకున్నారు. అవి తక్కువ పీడనంతో పనిచేసే నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. అంతర్జాతీయ స్వచ్ఛ రవాణా మండలి (ఐసీసీటీ) డ్రోన్లు, హెలికాప్టర్లతో నిజమైన ఓడల పొగను కొలిచి 2024లో ఫలితాలు ప్రకటించింది. సగటు 6.4 శాతం తేలింది. పెట్టుకున్న లెక్కకు రెట్టింపు అన్నమాట. అధిక పీడనంతో నడిచే కొత్త రెండు స్ట్రోకుల ఇంజన్లలో ఈ సమస్య చాలా తక్కువ. కాబట్టి ‘ఎల్‌ఎన్‌జీ మంచిదా చెడ్డదా’ అని ఒక్క ముక్కలో తేల్చలేం. ఓడలో ఏ ఇంజన్ ఉంది, బావి నుంచి ట్యాంకు దాకా ఎంత లీకయింది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

యూరప్ సంఘం దీన్ని లెక్కలోకి తీసుకుంది. తమ రేవులకు వచ్చే ఓడల నుంచి 2024లో కార్బన్‌కు డబ్బు వసూలు మొదలుపెట్టి, 2026 నుంచి మీథేన్‌ను కూడా అందులో కలిపింది. ఇంధనం వదిలే కాలుష్యం 2025లో 2 శాతం, 2030లో 6 శాతం, 2050కల్లా 80 శాతం తగ్గాలన్న రూలు కూడా పెట్టింది. మొదటి మెట్లు ఎల్‌ఎన్‌జీతో ఎక్కొచ్చు. చివరి మెట్టు మాత్రం భూమి నుంచి తీసిన గ్యాస్‌తో ఎక్కడం కుదరదు. అందుకే ఎల్‌ఎన్‌జీని చాలామంది ‘మధ్యలో వాడుకునే ఇంధనం’ అంటారు. రేవులో వేల కోట్లు పెట్టి కట్టే టెర్మినల్ మాత్రం పాతికేళ్లు, ముప్పై ఏళ్లు నడిస్తేనే గిట్టుబాటు.

కాకినాడలో గ్యాస్ ఉంది.. ఎల్‌ఎన్‌జీ లేదు

ఈ మాట చాలామందికి వింతగా తోస్తుంది. రిలయన్స్ 2002లో కేజీ-డీ6 బ్లాకులో గ్యాస్ కనిపెట్టింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కానీ గాడిమొగలో ఒడ్డుకు చేరిన గ్యాస్ అక్కడ ద్రవంగా మారదు. పైపులైన్లలోకి వెళ్తుంది. వాటిలో పెద్దది కాకినాడ నుంచి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్లు ఉంటుంది.

మొదట్లో ఆశలు ఆకాశంలో ఉండేవి. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయిలో వచ్చిన గ్యాస్, 2013కల్లా నాలుగో వంతుకు పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరిలో, జేగురుపాడులో, పెద్దాపురంలో, రావులపాలెం దగ్గర కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ లేక ఏళ్ల తరబడి పడకేశాయి. బ్యాంకుల అప్పులు మొండి బకాయిలయ్యాయి. తర్వాత 2020 డిసెంబర్ నుంచి రిలయన్స్-బీపీ కొత్త క్షేత్రాలు తెరవడంతో ఉత్పత్తి మళ్లీ లేచింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కూడా కాకినాడ తీరానికి ఎదురుగా లోతైన సముద్రంలో 98/2 బ్లాకు నుంచి చమురు తీయడం మొదలుపెట్టింది. అయినా గ్యాస్ మాట విని పునాదులు తవ్వితే ఏమవుతుందో డెల్టాకు ఒకసారి అనుభవమైంది.

టెర్మినల్ కథ కూడా అలాంటిదే. గెయిల్, రాష్ట్ర ప్రభుత్వ భాగస్వామ్యంలోని ఏపీ గ్యాస్ డిస్ట్రిబ్యూషన్ కార్పొరేషన్ కాకినాడలో తేలియాడే ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ పెడతామంది. షెల్, ఫ్రాన్స్ కంపెనీ ఎంజీ కూడా చేతులు కలిపాయి. దశాబ్దం దాటినా ఆ టెర్మినల్ ఓడ రాలేదు. ఆ తర్వాత నార్వేకు చెందిన క్రౌన్ ఎల్‌ఎన్‌జీ ఏడాదికి 72 లక్షల టన్నుల సామర్థ్యంతో, సముద్రం అడుగున కూర్చోబెట్టే కాంక్రీటు కట్టడం ప్రతిపాదించింది. అదీ కాగితం దాటలేదు. ఈ లోపు తమిళనాడులోని ఎన్నూరులో 2019లో, ఒడిశాలోని ధామ్రాలో 2023లో టెర్మినళ్లు మొదలైపోయాయి. వాటి మధ్య ఉన్న ఆంధ్ర తీరంలో మాత్రం ఒక్కటీ లేదు.

తేలియాడే టెర్మినల్‌కు తుపాను పెద్ద చిక్కు. 1996 నవంబర్ 6 నాటి తుపానులో కాకినాడ, కోనసీమ చూసిన నష్టం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. 2025 అక్టోబర్ 28న మొంథా తుపాను కూడా ఈ తీరాన్నే తాకింది. అలాంటి రోజుల్లో తేలియాడే టెర్మినల్ లంగరు తీసి సముద్రంలోకి వెళ్లిపోవాలి. గ్యాస్ సరఫరా ఆగిపోతుంది. కాంక్రీటు కట్టడం ఆలోచన వచ్చింది అందుకే. ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుంది.

సరే, కొనే ఓడ ఏది?

ఓడకు ఇంధనం నింపడాన్ని బంకరింగ్ అంటారు. ఆసియాలో దీనికి రాజధాని సింగపూర్. 2024లో అక్కడ అమ్మిన మొత్తం ఓడ ఇంధనం 5.49 కోట్ల టన్నులు. అందులో ఎల్‌ఎన్‌జీ సుమారు 4.6 లక్షల టన్నులు మాత్రమే. ఒక్క శాతం కూడా కాదు. సింగపూర్ పరిస్థితే ఇలా ఉంటే కాకినాడ మాటేమిటి?

ఎల్‌ఎన్‌జీకి మారుతున్నవి ఎక్కువగా పెద్ద కంటైనర్ ఓడలు, కార్లు మోసేవి. ఒకే దారిలో తిరుగుతూ, యూరప్ రేవులకు వెళ్తూ ఉండేవి. కాకినాడకు వచ్చేవి వేరు. బియ్యం ఎక్కించుకుని బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ లాంటి పశ్చిమాఫ్రికా దేశాలకు వెళ్లే బల్క్ ఓడలు, బొగ్గు, ఎరువులు, వంటనూనె తెచ్చే ఓడలు. వీటిలో చాలావరకు అద్దెకు తిరిగేవి. ఈ నెల కాకినాడ, వచ్చే నెల ఇంకెక్కడో. కిరాయి ఎక్కడ తక్కువైతే అక్కడికే బేరం. కోట్లు అదనంగా పోసి గ్యాస్ ఇంజన్ పెట్టించుకునే తొందర ఈ యజమానులకు లేదు.

ఇంకో సంగతి. ప్రతి రేవు పరిసరాల్లో 2030కల్లా కనీసం ఒక ఎల్‌ఎన్‌జీ బంకరింగ్ కేంద్రం ఉండాలని కేంద్రం 2023 మేలో ‘హరిత్ సాగర్’ మార్గదర్శకాల్లో చెప్పింది. అవి మేజర్ పోర్టులకు. కాకినాడ రాష్ట్ర మారిటైమ్ బోర్డు కింద ఉన్న రేవు. విశాఖకు వర్తించే రూలు దీనికి తనంతట తాను వర్తించదు. రాష్ట్రం పూనుకుంటే తప్ప.

ఖతార్ నుంచి కాకినాడకు

కాకినాడలో టెర్మినల్ వచ్చినా ఓడల్లో నింపేది కేజీ గ్యాస్ కాదు. దేశంలో తీసే గ్యాస్‌కు ఎరువులు, ఇళ్లకు వెళ్లే గొట్టపు గ్యాస్, వాహనాలు, కరెంటు అంటూ ఎన్నో గిరాకీలున్నాయి. దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం బయటి నుంచే కొంటోంది. అందులో పెద్ద వాటా ఖతార్‌ది. ఏడాదికి 75 లక్షల టన్నుల చొప్పున 2048 దాకా కొనేలా పెట్రోనెట్ 2024 ఫిబ్రవరిలో ఖతార్ ఎనర్జీతో ఒప్పందం పొడిగించుకుంది.

ఉభయ గోదావరి జిల్లాల నుంచి కువైట్, ఖతార్, ఒమన్‌లకు ఇంటి పనికి, డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద పడినప్పుడు ఇక్కడి ఇళ్లలో ఫోన్లు ఆగకుండా మోగాయి. ఖతార్ ఎల్‌ఎన్‌జీ ఓడలు వచ్చేదీ ఆ హోర్ముజ్ జలసంధి నుంచే. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఎల్‌ఎన్‌జీ ధర మండిపోతే, రెండు ఇంధనాలతో నడిచే ఓడలు చాలా వరకు మళ్లీ నూనెకే తిరిగాయి. యుద్ధం ఎక్కడ జరిగినా ధర ఇక్కడ కదులుతుంది. గ్యాస్ పక్కనే ఉంది కదా, చౌకగా దొరుకుతుందిలే అనుకుంటే పొరపాటు.

డెల్టా ఇప్పటికే కట్టిన మూల్యం

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుంది. 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. తాటిపాక నుంచి కొండపల్లికి గ్యాస్ మోసే గొట్టం అది. శుద్ధి చేయని తడి గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గ్యాస్ ఎంత మంచిదైనా నిర్వహణ చెడితే ఏమవుతుందో కోనసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వేట సంగతి వేరే. ఓఎన్‌జీసీ పైపులైను పనులతో వేట పోగొట్టుకున్న 23,458 కుటుంబాలకు నెలకు రూ.11,500 చొప్పున ఆరు నెలలకు రూ.161.86 కోట్లు 2023 నవంబర్‌లో చెల్లించారు. ఈ లెక్క రెండు సంగతులు చెబుతోంది. ఒకటి, అడిగితే, పట్టుబడితే పరిహారం వస్తుంది. రెండు, సముద్రంలో ఒక గొట్టం వేసినందుకే ఇన్ని వేల పొయ్యిలు ఆరిపోయే పరిస్థితి వచ్చింది. ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ వస్తే దాని చుట్టూ పడవలు తిరగకూడని ప్రాంతం ఏర్పడుతుంది. ఆ ఓడ వచ్చేటప్పుడు, పోయేటప్పుడు దారి ఖాళీ చేయాలి. వేట పోయేది కొన్ని నెలలు కాదు, టెర్మినల్ ఉన్నన్నాళ్లూ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధమే. మిగిలిన పది నెలల్లో కోత పడితే బతుకు ఎలా?

మీథేన్ లెక్క కూడా చివరికి ఇక్కడికే వచ్చి చేరుతుంది. ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుపోవడం ఏటా చూస్తున్నదే. వేడెక్కే సముద్రానికి ముందు బలయ్యేది ఇలాంటి ఊళ్లే.

పెద్ద ఓడ కన్నా ముందు చిన్న పడవ

మరి గ్యాస్ వల్ల డెల్టా నీళ్ల మీద ఏ లాభమూ లేదా? ఉంది. కాకపోతే అది వేరే చోట ఉంది.

వారణాసిలో 2021 నుంచి గెయిల్ సాయంతో గంగ మీద తిరిగే వందలాది డీజిల్ పడవలను సీఎన్‌జీకి మార్చారు. నమో ఘాట్‌లో నీటి మీద తేలే సీఎన్‌జీ బంకు పెట్టారు. సీఎన్‌జీ అంటే ఒత్తిడితో సిలిండర్‌లో కుక్కిన గ్యాస్. ఎల్‌ఎన్‌జీలా మైనస్ 162 డిగ్రీల ట్యాంకు అక్కర్లేదు. ఆటోల్లో వాడేదే. చిన్న పడవకు అదే సరిపోతుంది. గోదావరి మీద పాపికొండల యాత్రకు తిరిగే లాంచీలున్నాయి. సఖినేటిపల్లి-నర్సాపురం మధ్య జనాన్ని, బైకుల్ని దాటించే పంటు ఉంది. గ్యాస్ ఎక్కడో గంగకు పోయి పడవలు నడుపుతుంటే, గ్యాస్ పుట్టిన చోట పంటు డీజిల్ పొగ కక్కుతోంది. ఉభయ గోదావరి జిల్లాల్లో గ్యాస్ సరఫరాకు గోదావరి గ్యాస్ కంపెనీ ఉంది, రోడ్డు మీద సీఎన్‌జీ బంకులున్నాయి. రేవు గట్టు దాకా రావడమే మిగిలింది.

కాకినాడ లంగరు రేవులో హోప్ ఐలాండ్ చాటున ఆగిన ఓడలకు బియ్యం బస్తాలు చేర్చేది బార్జీలు. వాటిని లాగే టగ్గులున్నాయి. ఇవి రోజూ ఒకే నీళ్లలో తిరుగుతాయి, రాత్రికి ఒడ్డుకొస్తాయి. సీఎన్‌జీకో, బ్యాటరీకో మార్చడానికి వీలైనవి ఇవే. దేశంలో పెద్ద రేవుల టగ్గులను క్రమంగా మార్చేందుకు కేంద్రం 2024లో ఒక పథకం మొదలుపెట్టింది. లోతట్టు జలమార్గాల పడవలకు అదే ఏడాది ‘హరిత్ నౌక’ మార్గదర్శకాలు తెచ్చింది. కాకినాడ కాలువలతో, గోదావరితో కలిపి నాలుగో జాతీయ జలమార్గం 2008లోనే ప్రకటించారు. ఈ పథకాలను ఇక్కడికి రప్పించుకునే వాదన రాష్ట్రం చేతిలోనే ఉంది.

వేట బోట్ల సంగతి అంత తేలిక కాదు. మరబోటు రోజుల తరబడి సముద్రంలో ఉంటుంది. అన్ని రోజులకు సరిపడా సిలిండర్లు పెడితే ఐసుకు, చేపకు చోటు తగ్గుతుంది. లీటరుకు రూ.9 డీజిల్ రాయితీ మీద నడుస్తున్న కుటుంబాలను ప్రయోగానికి తోయకూడదు. ముందు ప్రభుత్వం తన సొంత ఖర్చుతో ఒకటి రెండు బోట్లపై చేసి చూపించాలి.

అమ్మోనియా ముందే వస్తే?

కాకినాడలో ఇంకో కదలిక ఉంది. గ్యాస్‌తో ఎరువులు చేసిన నాగార్జున ఫెర్టిలైజర్స్ స్థలంలో ఏఎం గ్రీన్ కంపెనీ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తయారీకి దిగింది. మొదటి దశ పెట్టుబడిపై 2024 ఆగస్టులో నిర్ణయం తీసుకుంది. అమ్మోనియాలో కార్బన్ ఉండదు. ఓడలకు రేపటి ఇంధనంగా దాన్ని ప్రయోగిస్తున్నారు. అలాగని అది ముద్దొచ్చే వస్తువు కాదు. విషవాయువు. లీకైతే ప్రాణాల మీదికి వస్తుంది.

అయినా ఒక ప్రశ్న తప్పదు. పదేళ్ల తర్వాత ఓడలు అమ్మోనియాకో, మెథనాల్‌కో మారితే, ఇప్పుడు కట్టే ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ గతి ఏమిటి? విద్యుత్ కేంద్రాలకు పట్టిన గతే దానికీ పడితే ఆ అప్పు ఎవరి నెత్తిన?

ముందే అడగాల్సినవి

ఎల్‌ఎన్‌జీ వద్దే వద్దనడం ఎంత తొందరపాటో, టెర్మినల్ వస్తే చాలు అనుకోవడం కూడా అంతే తొందరపాటు. ఫర్నేస్ ఆయిల్ పొగ కన్నా గ్యాస్ పొగ రేవు జనం ఊపిరితిత్తులకు మేలు. అందులో అనుమానం లేదు. కానీ సంతకాలకు ముందే తేలాల్సినవి కొన్నున్నాయి. టెర్మినల్ చుట్టూ పడవలకు నిషేధిత ప్రాంతం ఎంత, దానివల్ల పోయే వేటకు పరిహారం ఎన్నేళ్లు, ఎలా ఇస్తారన్నది రాతపూర్వకంగా ఉండాలి. ప్రమాద అంచనా నివేదిక తెలుగులో, పంచాయతీ కార్యాలయంలో అందుబాటులో ఉండాలి. మీథేన్ ఎంత లీకవుతోందో కంపెనీ చెప్పింది రాసుకోవడం కాకుండా బయటివాళ్లతో కొలిపించాలి. కొనే ఓడలు ఎవరో ఒప్పందాలు చూపించాకే ప్రభుత్వ భూమి, ప్రభుత్వ డబ్బు కదలాలి. ఈ లోపు పంట్లు, లాంచీలు, టగ్గుల మార్పు మొదలుపెట్టాలి. దానికి లండన్ ఓటింగ్ కోసం ఆగక్కర్లేదు.

ఐఎంఓ ఎటు తేల్చినా యూరప్ రూళ్లు ఆగవు, కంపెనీల ఆర్డర్లు ఆగవు, కాకినాడకు ప్రతిపాదనలూ ఆగవు. ముప్పై ఏళ్లుగా ఈ గడ్డ మీద గ్యాస్ గురించిన ప్రతి నిర్ణయం వేరే ఊళ్లో జరిగింది. ఈసారి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టినప్పుడు, ఈ నాలుగు ప్రశ్నలు పట్టుకుని ఎంతమంది మత్స్యకారులు, రైతులు అక్కడికి వస్తారన్నదే చాలా విషయాలు తేలుస్తుంది.